దింపుడు కళ్లం దగ్గర మోగిన సింఫనీ

చనిపోయిన మనిషిని నేను ఒకసారి బతికించాను. ఎక్కువసేపు కాదు, రెండు క్షణాలు. ఆ రెండు క్షణాల్లో ఎమ్మిగనూరులో ఇద్దరు పెద్దమనుషులు చెప్పులు వదిలేసి పరుగెత్తారు, ఒకాయన మురుగుకాలువలో పడ్డాడు, మా బామ్మర్ది ఏడాది పాటు నాతో మాట మానేశాడు. మా అత్త మాత్రం టీ పెట్టడానికి ఇంటికి పోయింది. ఆ టీ సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. మీరు నవ్వాలి. నవ్వకపోతే నా పరువు నేనే తీసుకున్నది దండగ. మధ్యలో ఎక్కడైనా నవ్వు ఆగిపోతే మాత్రం నన్ను తిట్టుకోకండి, నాకూ అక్కడే ఆగిపోతుంది.

ముందు నా పిచ్చి ఎట్లాంటిదో చెప్పాలి. ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో నేను సూపర్‌వైజర్‌ని. పత్తిలోంచి గింజ వేరు చేసే యంత్రాల మధ్య పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే రొద. ఇంటికి వచ్చాక కూడా గంటసేపు చెవుల్లో ఆ యంత్రాలు తిరుగుతూనే ఉంటాయి. అట్లాంటి చెవులు పెట్టుకుని నేను సంగీతం మీద పడ్డాను. బజార్లో పాటలు నింపి అమ్మే పెన్‌డ్రైవ్ ఒకటి కొంటే, అందులో భక్తి పాటలు, పెళ్లి పాటలు అన్నీ అయిపోయాక చిట్టచివర పేరు లేని ఫైలు ఒకటి ఉంది. నలభై నిమిషాలు. పాడేవాళ్లు ఎవరూ లేరు. ఉత్త వాయింపే.

ఒక వానరోజు పత్తి తడిసి మిల్లు ఆగిపోయింది. నొక్కి కట్టిన పత్తి బేళ్ల మీద పడుకుని ఫోన్లో దాన్ని పెట్టుకున్నాను. మొదటి ఐదు నిమిషాలు ఏమీ అర్థం కాలేదు. పది నిమిషాలకు లేచి కూర్చున్నాను. నలభై నిమిషాలు అయ్యేసరికి వాన వెలిసింది, నేను మాత్రం పనికిరాకుండా పోయాను. దాన్ని సింఫనీ అంటారని, జర్మనీ పక్క ఎవరో ఎప్పుడో రాశారని తర్వాత వెతికి తెలుసుకున్నాను. రాసినాయన పేరు కూడా తెలుసు. కానీ ఆదోనిలో ఎవరికి చెప్పినా "పత్తికి కొట్టే మందా అన్నా?" అని అడిగారు కాబట్టి ఇక్కడ చెప్పను.

నాలుగు భాగాలుంటాయి దానికి. మొదటిది అందరూ ఒకేసారి మాట్లాడినట్టు హడావుడిగా పోతుంది. మూడోది చిందులేస్తుంది. నాలుగోది ఉరుకులు. రెండోదే నా ప్రాణం. లావు గొంతు ఉన్న పెద్ద వయొలిన్లు మెల్లగా నడక మొదలుపెడతాయి. వాటి పైన పిల్లనగ్రోవి లాంటిది ఒక్కటే ఏదో అడుగుతుంది. జవాబు రాదు. మళ్లీ అడుగుతుంది. అంతా సన్నగిల్లి, సన్నగిల్లి, చివరికి నిజంగా వినపడుతోందా, మనమే అనుకుంటున్నామా అన్నంత వరకు పోతుంది. సరిగ్గా అప్పుడు వాద్యాలన్నీ, డోళ్లు, బాకాలు, అన్నీ కలిసి ఒక్కటే దెబ్బ. ఢమ్మని! ఆ వెంటనే ఏమీ జరగనట్టు మళ్లీ అదే మెల్లని నడక. ఆ దెబ్బ తర్వాత వచ్చే నడక విన్నప్పుడల్లా నాకు ఏడుపు వచ్చేది. ఎందుకో అప్పట్లో తెలియదు.

తెలియనివాడు తెలియనట్టు గమ్మున ఉండాలి కదా. నేను ఉండలేదు. ఊళ్లో కనపడిన ప్రతివాడి చెవిలో ఇయర్‌ఫోన్ దూర్చేవాణ్ని. క్షవరం చేసే ఆయన కత్తెర పట్టుకుని ఉండగా దూర్చాను. ఆయన ఢమ్ముకు ఎగిరిపడి, ముందున్న మనిషి మీసం ఒక పక్క ఎగరగొట్టాడు. మా మిల్లులో బేళ్లు కట్టే ప్రెస్సు దగ్గర ఖాదర్ భాయ్ ఉంటాడు, నాకంటే పదేళ్లు పెద్ద, ఓర్పుగల మనిషి. ఆయన పదిహేను నిమిషాలు కళ్లు మూసుకుని విని, చివరికి మర్యాదగా అడిగాడు.

"రాగన్నా, అంతా బాగుండాది. పాట ఎప్పుడు షురూ అవుతాది?"

"పాట ఉండదు భాయ్, ఇదే."

"ఇదేనా?" అని ఇయర్‌ఫోన్ తీసి, తుడిచి, నా చేతిలో పెట్టాడు. "పాపం, ఇంతమంది వచ్చి గూడా పాడేవాడు రాల్యా."

ఇట్లా ఆదోని అంతా నన్ను చూసి పక్క సందులోకి తిరుగుతున్న రోజుల్లో నాకు దొరికిన ఒకే ఒక్క శ్రోత మా మామ ఈరన్న. ఎమ్మిగనూరులో ఆయనది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని యాభై ఏళ్లు చీరలు నేసిన మనిషి. ఆదివారం మగ్గానికి సెలవు. నేను, నా భార్య పద్మ బస్సెక్కి పోయేవాళ్లం. మధ్యాహ్నం అన్నాలు కాగానే మామ నులకమంచం మీద వాలి, "పెట్టు అల్లుడా నీ కచేరీ" అనేవాడు.

మొదటి భాగం శ్రద్ధగా వినేవాడు. "ఇది నేత అల్లుడా. లావు గొంతువి పడుగు. సన్నంది పేక. ఒగడు తప్పు కొట్టినా గుడ్డ చెడిపోతాది, సూడు ఎట్ల కొడ్తాండారో" అనేవాడు. నేను ఎన్ని వ్యాసాలు చదివినా ఇంత బాగా ఎవరూ చెప్పలేదు. రెండో భాగం మొదలయ్యేసరికి ఆయన కళ్లు మూతపడేవి. పిల్లనగ్రోవి రెండోసారి అడిగేలోపు గురక. నోరు తెరుచుకుని, ఒక చెయ్యి మంచం కిందికి వేలాడేసి, హాయిగా నిద్ర. ఇంకో నాలుగు నిమిషాలకు ఢమ్మని మోగేది. ఆయన దిగ్గున లేచి కూర్చుని, బస్సులో నిద్రలేచిన మనిషిలాగా అడిగేవాడు.

"యాడికొచ్చినాము?"

మా అత్త నరసమ్మకు సింఫనీ అంటే ఆ ఢమ్మే. వంటింట్లోంచి ఆమె గొంతు వినపడేది. "లేసినాడు. టీ పెడతా." పొయ్యి వెలిగించిన చప్పుడు, గిన్నె పెట్టిన చప్పుడు, ఇవన్నీ నాకు రెండో భాగంలో కలిసిపోయాయి. ఇప్పటికీ ఆ చోట వయొలిన్ల కింద అల్లం దంచే చప్పుడు లేకపోతే వాద్యకారులు ఎవరో తక్కువ వచ్చారనిపిస్తుంది. మూడేళ్లు, దాదాపు ప్రతి ఆదివారం ఇదే వరస. ఆ ఢమ్ము ఒక్కసారి కూడా ఆయన్ను లేపకుండా వదలలేదు.

ఒక ఆదివారం టీ తాగుతూ మామ అన్నాడు. "అల్లుడా, నేను పోయినప్పుడు ఇదే పెట్టు. దీన్ని నేను సాంతం ఎన్నడూ ఇనల్యా. ఆ పొద్దు ఎంతసేపు పండుకున్నా అడిగేవాళ్లుండరు."

"నీ నోట్లో మంచి మాటే రాదు" అని అత్త కసిరింది.

"పెడతా మామా" అన్నాను నేను, నవ్వుతూ. అన్నాక ఎందుకో నవ్వు ఆపి, మళ్లీ ఇంకోసారి అన్నాను. "మాటిచ్చినా."

ఆయన బుధవారం పోయాడు. అన్నం తిని, అదే మంచం మీద పడుకుని, లేవలేదు. నేను ఆ వేళ ఆదోనిలో పత్తి లారీ దింపిస్తున్నాను. కబురు అంది మేము ఎమ్మిగనూరు చేరేసరికి సాయంత్రమయింది. అత్త గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చుట్టూ ఆడవాళ్లు ఏడుస్తున్నారు. ఆమె ఏడవడం లేదు. పద్మ పోయి మెడ చుట్టూ చేతులు వేసి బావురుమంటే, ఆమె కూతురి వీపు నిమిరి మామూలు గొంతుతో అంది.

"ఈ పొద్దు ఆదివారం కాదు గదమ్మా. మీ ఆయన ల్యా. ఆ పాట పెట్టేవాడు ఉండింటే లేచ్చుండె."

ఆ మాట విని ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తెల్లవారి కూడా ఆమె కంట్లో తడి లేదు. వచ్చినవాళ్లను "తిన్నారా?" అని అడుగుతోంది. మామ బతికి ఉండగా విడిచిన చొక్కా తీసి మడత పెడుతోంది. పద్మ నన్ను పక్కకు పిలిచింది.

"అమ్మ ఇంగా ఏడవల్యా. లోపలే పెట్టుకోనుంటే ఏమైపోతాదో అని భయమైతాండాది. నువ్వు ఏమన్నా సెయ్యి, అమ్మ జోలికి మాత్రం పోవద్దు."

నేను అత్త జోలికి ఎందుకు పోతాను చెప్పండి. నేను పోయింది స్పీకరు జోలికి. బయల్దేరేటప్పుడే ఖాదర్ భాయ్ దగ్గర ఆయన బ్లూటూత్ స్పీకరు అడిగి తెచ్చుకున్నాను. పొట్టిది, నల్లది, ఇటుకరాయి అంత ఉంటుంది. ఇచ్చేటప్పుడు ఆయన హెచ్చరించాడు కూడా. "జాగ్రత్త రాగన్నా. మా తమ్ముని పెండ్లిలో దీన్ని సగం సౌండుకు పెడితేనే గుర్రం బెదిరింది."

పాడె కడుతున్నప్పుడు దాన్ని సంచిలోంచి తీశాను. మామకు ఒక్కడే కొడుకు, వీరేశు. పంచె కట్టుకుని, తడిబట్టతో నిలబడి ఉన్నాడు.

"బావా, ఏంది అది?"

"స్పీకరు."

"స్పీకరని నాకూ తెలుసు. ఈడ ఏంటికి?"

"మామ అడిగినాడు వీరేశూ. తాను పోయినప్పుడు ఆ సింఫనీ పెట్టల్ల అని. మాటిచ్చినా."

"నాయన నవ్వులాటకు అనింటాడు. నీ కాళ్లు మొక్కుతా బావా, ఈ పొద్దు మట్టుకు వద్దు. పేటంతా వచ్చిండాది."

"బతికుండే మనిషికి ఇచ్చిన మాటయితే మల్ల సర్ది సెప్పుకోవచ్చు. పోయిన మనిషికి ఎట్ల సెప్పేది?"

ఈ డైలాగు చెప్పినప్పుడు నా గొంతు నాకే బాగా నచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లలో ఇద్దరు తలూపారు కూడా. వీరేశు తిమ్మప్ప తాత వైపు చూశాడు. తిమ్మప్ప తాత మామకు చిన్నాన్న, ఎనభై దాటిన మనిషి, ఆ పేటలో చావుకైనా పెళ్లికైనా ఆయన చెప్పిందే పద్ధతి.

"పెట్టుకోనీలేరా" అన్నాడు తాత. "ముందర నాలుగు తప్పెట్లు కొడ్తాంటే అది యాడ ఇనపడ్తాది?"

అనుమతి దొరికినందుకు సంతోషించాలి. నాకు మాత్రం పౌరుషం వచ్చింది. నా సింఫనీ వినపడదా? మామ తల దగ్గర వెదురుకు స్పీకరును దారంతో కట్టి, పైన బంతిపూల దండ కప్పాను. చెవికి దగ్గరగా ఉంటే బాగా వింటాడని నా ఆలోచన. రెండో భాగం ఒక్కటే పెట్టాను, అయిపోగానే మళ్లీ మొదటి నుంచి వచ్చేటట్టు. ఢమ్ము సంగతి గుర్తులేక కాదు. అది వచ్చే ముందు ఫోన్లో సౌండు తగ్గించేద్దామని ఘనమైన ప్రణాళిక వేసుకున్నాను.

పాడె లేచింది. తప్పెట్లు మొదలయ్యాయి. ఎమ్మిగనూరు తప్పెటల సంగతి తెలియనివాళ్లకు చెబుతున్నాను, వాటి పక్కన నడిస్తే మీ గుండె కొట్టుకుంటోందో లేదో మీకు తెలియదు. నేను పాడె పక్కనే చెవి పెట్టి నడుస్తున్నాను. నా వయొలిన్లు ఒక్కటి వినపడితే ఒట్టు. పిల్లనగ్రోవి ఎటు పోయిందో తెలియదు. ఫోన్లో చూస్తే ఢమ్ము వచ్చి, పోయి, మళ్లీ మొదటి నుంచి మొదలైంది కూడా. నాకే వినపడలేదు. ఇంకొకసారి కూడా అట్లాగే వచ్చి తప్పెట్ల కింద నలిగిపోయింది.

పక్కన నడుస్తున్న ఒకాయన దండలోకి తొంగి చూసి అడిగాడు. "ఏమప్పా, అది పాడుతాండాదా, సెడిపోయిందా?"

అంతే. ఆ మాటతో నాలో ఉన్న కొద్దిపాటి బుద్ధి కూడా సెలవు తీసుకుంది. ఫోన్ తీసి సౌండు చివరిదాకా పెంచాను. అక్కడ ఎర్ర రంగులో ఏదో హెచ్చరిక కూడా వచ్చింది. దాన్ని పక్కకు తోసి, ఫోన్ జేబులో వేసుకుని, తల ఎత్తుకుని నడిచాను.

ఇక్కడ మీకు దింపుడు కళ్లం గురించి చెప్పాలి. శ్మశానానికి పోయే దారిలో ఒకచోట పాడెను నేల మీదికి దింపుతారు. ఆడవాళ్లు అక్కడిదాకే వస్తారు, ఆ తర్వాత వెనక్కి తిరుగుతారు. అక్కడ కొడుకు వంగి, తండ్రి చెవిలో మూడుసార్లు పిలవాలి. ఊపిరి ఎక్కడైనా కాస్త మిగిలి ఉంటే ఆ పిలుపుకు లేస్తాడని. ఎవరూ లేవరు. లేవరని అందరికీ తెలుసు. అయినా ఆ మూడు పిలుపులు అయ్యేదాకా దగ్గేవాడు కూడా ఉండడు. చంటిపిల్లల నోటికి చెయ్యి అడ్డం పెడతారు. తప్పెట్లు ఆగిపోతాయి.

తప్పెట్లు ఆగిపోతాయి! నేను ఎన్నో చావులకు పోయినవాణ్ని. ఈ సంగతి పుట్టినప్పటి నుంచి తెలిసినవాణ్ని. ఒక్క ఆ రోజే నా బుర్రలోకి రాలేదు.

పాడె దింపారు. తప్పెట్లు టక్కున ఆగాయి. అంతమంది జనం ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యారు. ఆ నిశ్శబ్దంలో బంతిపూల కింద నుంచి నా సింఫనీ మొట్టమొదటిసారి వినపడింది. సన్నగా. చాలా సన్నగా. పిల్లనగ్రోవి రెండోసారి అడగడం అయిపోయింది. వయొలిన్లు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి. జనం దాన్ని గాలి అనుకున్నారో ఏమో, ఎవరూ పట్టించుకోలేదు. అక్కడ ఉన్న వందమందిలో ముందు ఏమి రాబోతోందో తెలిసినవాణ్ని నేను ఒక్కణ్నే.

వీరేశు మోకాళ్ల మీద కూర్చుని తండ్రి చెవి దగ్గరికి వంగాడు. అంటే, స్పీకరు దగ్గరికి.

"నాయనా" అని పిలిచాడు.

నేను జేబులోంచి ఫోన్ లాగి బొటనవేలు పెట్టాను. తెరుచుకోలేదు. పాడె దింపేటప్పుడు జారిన దండలు సర్దిన చెయ్యి, వేలి నిండా పసుపు.

"నాయనా" అని రెండోసారి పిలిచాడు.

వేలు పంచెకు తుడుచుకుని మళ్లీ పెట్టాను. తెరుచుకోలేదు. నా పంచెకు కూడా పసుపే. తిమ్మప్ప తాత నా మోచెయ్యి పట్టుకుని పళ్లు బిగించి గుసగుసలాడాడు. "సిగ్గుండల్లప్పా. ఇప్పుడా ఫోను?"

"తాతా, ఒక్క నిమిషం, అది..."

"గమ్మునుండు!"

"నాయనా, లెయ్యి" అని వీరేశు మూడోసారి పిలిచాడు.

వేలు మూడోసారి పెట్టాను. కాసేపు ఆగి ప్రయత్నించమని ఫోన్ సలహా ఇచ్చింది. పక్కన సౌండు తగ్గించే బటన్ ఉంటుంది కదా, దానికి వేలిముద్ర అక్కర్లేదు కదా అని మీరు అడుగుతారు. అడగండి. ఆ ఆలోచన నాకూ వచ్చింది, మరునాడు ఆదోని బస్సులో.

ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. వయొలిన్లూ లేవు. వందమంది ఊపిరి బిగబట్టి మామ ముఖం చూస్తున్నారు.

ఢమ్మని మోగింది!

గుర్రాన్ని బెదరగొట్టిన స్పీకరు అది. బంతిపూల దండ జానెడు పైకి లేచింది. వీరేశు వెనక్కి విరుచుకుపడ్డాడు. దారి పొడుగునా చల్లే బొరుగుల చాట పట్టుకున్న ఆయన చాటను గాల్లోకి విసిరేసి తాను కాలువలో పడ్డాడు. ఇద్దరు పెద్దమనుషులు చెప్పులు అక్కడే వదిలేసి పరుగు తీశారు. తప్పెటవాళ్లు తప్పెట్లతో సహా సందు మలుపు దాటేశారు. నాకు సిగ్గు గురించి చెప్పిన తిమ్మప్ప తాత, ఎనభై ఏళ్ల మనిషి, నా భుజం ఎక్కినంత పని చేశాడు. "లేసినాడు! ఈరన్న లేసినాడు!" అని ఎవరో కేక వేశారు. బొరుగులు వానలాగా మా అందరి మీదా రాలాయి.

మామ లేవలేదు.

ఆడవాళ్ల గుంపులో అందరూ ఒకరినొకరు పట్టుకుని అరుస్తున్నారు. అత్త ఒక్కతే అదరలేదు. ఆమె ముఖంలో ఆ రెండు క్షణాలు వచ్చిన వెలుగు నేను చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. నిన్నటి నుంచి ఎదురు చూస్తున్న బస్సు వచ్చినట్టు, అమ్మయ్య అన్నట్టు ఉంది ఆ ముఖం.

"లేసినాడు. టీ పెడతా" అంది.

కొంగు సర్దుకుని, వెనక్కి తిరిగి, గబగబా ఇంటి వైపు నడిచింది. ఎవరూ ఆపలేదు. ఆపాలని ఎవరికీ తోచలేదు. పద్మ నా వైపు ఒక్క చూపు చూసి తల్లి వెనక పరుగెత్తింది. ఆ చూపు సంగతి రాయను. పూల కింద సింఫనీ మాత్రం ఏమీ జరగనట్టు మళ్లీ మెల్లగా నడక మొదలుపెట్టింది.

వీరేశు లేచాడు. దుమ్ము కూడా దులుపుకోలేదు. దండ కింద చెయ్యి పెట్టి, దారం తెంపి, స్పీకరును పీకి నా చేతిలో పెట్టాడు. చాలా మెల్లగా అన్నాడు. "మూడోసారి పిలిచినప్పుడు నాయన నిజంగా పలికినాడనుకున్నా బావా."

వాడు నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

శ్మశానం దాకా అందరికీ వెనక నడిచాను. నా ముందు ఇరవై అడుగుల ఖాళీ. చితి అంటుకున్నాక బోరింగు దగ్గర స్నానం చేసి, తడి గుడ్డలతో ఇంటికి వచ్చి, గడప బయటే నిలబడ్డాను. చావు జరిగిన ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలిగించరు. పక్కిళ్లవాళ్లు వండి తెస్తారు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగి ఉంది. అల్లం వాసన వీధిలోకి వస్తోంది.

లోపల ఏం జరిగిందో పద్మ తర్వాత చెప్పింది. అత్త టీ కాచిందట. పద్ధతి కాదని ఒక ముసలామె అనబోతే ఇంకొకామె నోరు మూసిందట. మామ గ్లాసు, అంచు దగ్గర సొట్ట పడింది, అందులో పోసుకుని, నులకమంచం దగ్గరికి తెచ్చిందట. మంచం ఎత్తి గోడకు నిలబెట్టి ఉంది. గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడి, "యాడ?" అని అడిగిందట. ఎవరూ పలకలేదు. "లేసినాడు గదా, యాడ?" అని మళ్లీ అడిగిందట. అప్పుడు ఏడ్చిందట.

నేను గడప దగ్గరికి వచ్చేసరికి ఆ ఏడుపు వినపడుతోంది. జిన్నింగు మిల్లు రొద ఇరవై ఏళ్లు భరించిన చెవులు నావి. ఆ ఏడుపు భరించలేకపోయాను. పక్కింటి ముసలామె బయటికి వచ్చి నన్ను ఎగాదిగా చూసింది.

"ఎట్లనో ఏడిపించినావులే నాయనా. మేమంతా పట్టుకోని కదిపినా కదలల్యా."

ఆమె ఓదార్చిందో, తిట్టిందో ఇప్పటికీ తేల్చుకోలేదు. నేను గొప్ప పని చేశానని ఎవరైనా అంటే నమ్మకండి. అత్త ఎప్పుడో ఒకప్పుడు ఏడ్చేదే, కాస్త నెమ్మదిగా ఏడ్చేది. చచ్చిపోయిన మొగుణ్ని రెండు క్షణాలు బతికించి మళ్లీ చంపిన అల్లుడు మాత్రం ఉండేవాడు కాదు.

మర్నాడు స్పీకరు ఇచ్చేస్తుంటే ఖాదర్ భాయ్ అడిగాడు. "బాగా ఇనపడిందా అన్నా?"

"బాగా ఇనపడింది భాయ్."

"మరి ఏడుచ్చాండావేంటికి?"

ఆ తర్వాత సింఫనీ జోలికి పోలేదు. ఫోన్లోంచి తీసేద్దామని చాలాసార్లు వేలు దాకా తెచ్చాను, తీయలేకపోయాను. ఆదివారాలు ఎమ్మిగనూరు పోతూనే ఉన్నాం. నేను వస్తే వీరేశు మగ్గం గుంటలోకి దిగిపోయేవాడు. వాడు నాతో మళ్లీ మాట్లాడింది సంవత్సరీకం రోజు. గేటు దగ్గర అడ్డం నిలబడి, నా సంచి వైపు చూసి, "బావా, ఆ డబ్బా ఏమన్నా తెచ్చినావా?" అన్నాడు. సంచి తెరిచి చూపించాను. అరటిపళ్లు. లోపలికి రానిచ్చాడు.

ఆ తర్వాత వారం, అన్నాలయ్యాక, అత్త వంటింట్లోంచి పిలిచింది.

"అల్లుడా, ఆ పాట పెట్టు."

పద్మ, నేను ఒకరినొకరు చూసుకున్నాం. "ఏ పాట అత్తా?" అన్నాను, ఏదో తెలియనట్టు.

"నీకు ఎన్ని పాటలొచ్చు? అదే."

వద్దని పద్మ తల ఊపింది. కానీ వంటింట్లో అత్త ఎదురుచూస్తోంది. పెట్టాను. నులకమంచం మీద ఫోన్ పెట్టి, ఈసారి పక్కన ఉన్న బటన్ మీద బొటనవేలు ఆనించి కూర్చున్నాను. రెండో భాగం వచ్చింది. పిల్లనగ్రోవి అడిగింది. మళ్లీ అడిగింది. వయొలిన్లు తగ్గాయి. నేను బుద్ధిమంతుడిలాగా సౌండు పూర్తిగా తగ్గించేశాను. ఢమ్ము వచ్చి, చప్పుడు లేకుండా పోయింది. హమ్మయ్య అనుకుని మళ్లీ పెంచాను.

చాలాసేపయింది. వంటింట్లో ఏ చప్పుడూ లేదు. నేను లేచి తొంగి చూశాను. అత్త పొయ్యి ముందు, చేతిలో అగ్గిపెట్టె పట్టుకుని, పుల్ల తీసి, కదలకుండా నిలబడి ఉంది.

"ఏం అల్లుడా, ఇంగా రాల్యా అది?"

ఆ ఢమ్ము తర్వాత వచ్చే నడక వింటే నాకు ఎందుకు ఏడుపు వస్తుందో అప్పుడు తెలిసింది. అంత పెద్ద దెబ్బ తగిలాక కూడా ఆ వాయించేవాళ్లు మళ్లీ మొదటి నుంచి నడుస్తారు. ఏం చేస్తారు మరి, నడవాలి కదా.

"వచ్చాండాది అత్తా" అని పోయి, వెనక్కి జరిపి, సౌండు చివరిదాకా పెట్టాను. ఢమ్మని మోగింది. మగ్గం గుంటలోంచి వీరేశు "బావా!" అని అరిచాడు. వంటింట్లో పొయ్యి వెలిగింది. అల్లం దంచిన చప్పుడు వినపడింది. అత్త రెండు గ్లాసులు తెచ్చింది. ఒకటి నాకు. సొట్ట పడిన గ్లాసు ఖాళీ మంచం ముందు పెట్టి, కాసేపు చూసింది.

"ఈసారి గూడా లేయల్యా" అంది. గ్లాసు తీసుకుని తానే తాగింది.

కాబట్టి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రజలందరి ఎదుట, ఇలవేల్పు సాక్షిగా, పసుపు అంటని బొటనవేలు పైకెత్తి నేను ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ శవయాత్రకూ సంగీతం తీసుకుపోను. పోయినవాళ్లు ఎంత బతిమాలినా సరే. క్షవరం చేసే ఆయన చెవిలో ఏదీ దూర్చను. ఆ సింఫనీని, అడగని మనిషికి ఎవరికీ, ఎప్పుడూ వినిపించను.

ఆదివారం మధ్యాహ్నం మా అత్త అడిగితే పెడతాను. సౌండు తగ్గించను.